రోజంతా వర్జ్యం

ఆ కాగితం యాభై రెండు రోజులు మా ఫ్రిజ్‌కి అంటుకుని ఉంది. ముందు తలుపులకి అయస్కాంతాలు నిలవవు, పక్కనున్న రేకుకి నిలుస్తాయి. అందుకని అక్కడ పెట్టారు. దాని పక్కనే, చీరాల నుంచి సూట్‌కేసులో చీరల మధ్య చుట్టి తెచ్చుకున్న నా తెలుగు క్యాలెండర్ వేలాడేది. స్టవ్ దగ్గర నిలబడితే రెండూ ఒకేసారి కంటపడేవి.

కాగితం తెచ్చింది రేణు. ఒకప్పటి నా కోడలు. మా ఫణికీ ఆమెకీ విడాకులై మూడేళ్ళు. ఇద్దరూ ఉండేది ఫార్మింగ్టన్ హిల్స్‌లోనే, ఒకరింటి నుంచి ఇంకొకరింటికి కారులో పన్నెండు నిమిషాలు. మనవరాలు వేదకి తొమ్మిదేళ్ళు. బడి రోజుల్లో తల్లి దగ్గర, శని ఆదివారాలు తండ్రి దగ్గర. ఆ ఏడు నేను ఆరు నెలల వీసా మీద ఏప్రిల్‌లో వచ్చాను కాబట్టి, వేసవి సెలవుల్లో పగళ్ళన్నీ పిల్ల నా దగ్గరే ఉండేది.

రేణు మా ఇంటికి వస్తే గరాజ్‌లోనే చెప్పులు విప్పేది. ఆ ఇల్లు తనది కాకుండా పోయాక కూడా ఆ అలవాటు పోలేదు. జూలై ఒకటో తారీఖున మాత్రం విప్పలేదు. గరాజ్ తలుపు గడప మీదే నిలబడింది.

"జాబ్ పోయింది ఫణీ. నిన్ననే లాస్ట్ డే. మా టీం మొత్తం తీసేసిన్రు."

"అయ్యో. వేరేవి అప్లై చేస్తున్నావా?"

"చేసిన. ఇక్కడ ఎవ్వరూ వీసా ట్రాన్స్‌ఫర్ చేస్తలేరు. కాల్గరీల వచ్చింది. కెనడాది నా పీఆర్ ఎట్లాగూ అయిపోయింది. వేదది ఒక్కటే ఆగింది. పిల్లను తీసుకపోనీకి ఫాదర్ కన్సెంట్ కావాలంట. నోటరీ ముందర సైన్ చెయ్యాలె. ఆగస్ట్ ట్వెంటీ సెకండ్ లోపల అప్‌లోడ్ చెయ్యాలె."

ఫణి కాగితం అందుకున్నాడు. ఒక్క పేజీ కాగితాన్ని చాలాసేపు చదివాడు.

"చెయ్యకపోతే?"

"నాకు ఈ దేశంల అరవై రోజులే ఉంది. నేను ఒక్కదాన్నే పోవాల్సొస్తది."

ఇంట్లో టీవీ ముందు వేద నవ్వు వినిపించింది. ముగ్గురం అటు చూశాం.

"చెయ్యనని అన్లేదు కదా," అన్నాడు ఫణి. నా వైపు తిరిగాడు. "అమ్మా, ఇప్పుడు ఆషాఢం కదూ?"

"అవును. ఇరవై నాలుగు దాకా ఉంది," అన్నాను.

"అత్తమ్మా, ఇది పెళ్ళి కాదు. సంతకం."

"శుభమా అని పిల్ల దేశం దాటబోతుంటే ఆషాఢంలో ఎందుకమ్మా. మూడు వారాలేగా," అన్నాను. ఆ రోజు నేను చెప్పింది నిజమే. ఆ మాట ఇక్కడే చెప్పేస్తున్నాను, తర్వాత చెప్పినవన్నీ కావు కాబట్టి.

ఫణి కాగితాన్ని ఫ్రిజ్‌కి పెట్టి, దాని మీద చేతి తొడుగు ఆకారంలో ఉన్న అయస్కాంతం నొక్కాడు. మిషిగన్ రాష్ట్రం ఆకారం అదేనట. ఎవరైనా ఊరెక్కడని అడిగితే ఇక్కడివాళ్ళు అరచెయ్యి చాపి, బొటనవేలి మొదట్లో చూపిస్తారు.

*

ఆ క్యాలెండర్ చదవడం నాకు నేర్పింది రేణే.

మా ఆయన శేషగిరి ఆర్టీసీలో కండక్టరు. ఉన్నన్నాళ్ళూ పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని క్యాలెండర్ ముందు నిలబడి తిథీ వారమూ పైకి చదివేవారు. ఆ చదివింది పట్టుకునే నా రోజు నడిచేది. నాకు స్వయంగా తెలిసినవి రెండే గుర్తులు, అమావాస్యకి నల్లచుక్క, పున్నమికి తెల్ల సున్నా. ఆయన పోయాక క్యాలెండర్ గోడకి ఉండేది గానీ నాతో మాట్లాడేది కాదు.

ఆ మరుసటి ఏడు ఫణి నన్ను ఇక్కడికి పిలిపించాడు. నాకప్పుడు యాభై తొమ్మిది. వేదకి రెండేళ్ళు. రేణు ఒక తెల్ల పలక తెచ్చి, పిల్లకి అక్షరాలు దిద్దించాలి, తోడు కూర్చోండి అత్తమ్మా అంది. రెండేళ్ళ పిల్లకి అక్షరాలేమిటని నాకు తెలియక కాదు. నా మొహం చెల్లడానికి పిల్లని అడ్డం పెట్టిందని ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు. ఆరు నెలలు ఇక్కడ, ఆ తర్వాత రెండేళ్ళు ఫోన్లో. ఒత్తులు రాక ఏడ్చిన రోజులున్నాయి. మొదటిసారి ‘ఏకాదశి’ అని నేనే చదివిన రోజు ఫోను అటువైపు ఆమె చప్పట్లు కొట్టింది.

ఈసారి వచ్చేసరికి నాకు ఈ వీధిలో పేరొచ్చేసింది. మా వెనక సందులో ఉండే శాంతి కొత్త కారు తెచ్చుకోవడానికి ముహూర్తం అడిగింది. ఇండియా టైముల్లోంచి తొమ్మిదిన్నర గంటలు వెనక్కి జరిపి, వేళ్ళ మీద లెక్కేసి చెప్పాను.

"పిన్నిగారూ, మా ఆయన ఆఫీసులో ఇండియా టీంకి మీటింగ్ పెట్టడానికి కూడా ఇంత కరెక్ట్‌గా లెక్కెయ్యడు. మీరొచ్చి ఆయన సీట్లో కూర్చోండి," అంది శాంతి.

"జీతం ఎంతిస్తారు?"

"ఆయనకొచ్చే తిట్లన్నీ మీకే ఇస్తారు."

నవ్వుకున్నాం. ఆ నవ్వులో నాకు గర్వం ఉంది. దాచను.

*

ఆషాఢం వెళ్ళింది. శ్రావణం మొదటి పది రోజుల్లో చవితి, అష్టమి, నవమి వచ్చాయి. అవీ నిజమే. అష్టమి నాడూ నవమి నాడూ మా వైపు ప్రయాణం కూడా పెట్టుకోరు. రేణు ఆ తర్వాత సోమవారం పదకొండింటికి బ్యాంకులో నోటరీ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకుంది.

ఆ పొద్దున ఫణి దోసె తింటూ అడిగాడు. "ఇవాళ ఎలా ఉందమ్మా?"

వేద అప్పటికే వచ్చేసింది. ఇంటి వెనక చెక్క అరుగులాంటి డెక్ మీద కూర్చుని ఉడతకి వేరుశనక్కాయలు విసురుతోంది. ఒక కాయ విసరడం, ఉడత తీసుకున్నదాకా ఊపిరి బిగబట్టడం, మళ్ళీ ఇంకో కాయ. నేను క్యాలెండర్ వైపు తిరిగాను. నాలుగో తారీఖు గడిలో ‘దశమి’ అని ఉంది. మూడక్షరాలు, ఒక్క ఒత్తు లేదు. రేణు నేర్పిన మొదటి నెలలో చదివిన మాట.

"వర్జ్యం ఉందిరా," అన్నాను.

"ఎంతసేపు?"

"రోజంతా ఉంది."

వర్జ్యం గంటన్నరో, కాస్త అటూ ఇటో. అంతకు మించి ఉండదు. ఆ కాసేపు ఏ పనీ మొదలుపెట్టరు, తర్వాత మామూలే. రోజంతా వర్జ్యమంటే విన్నవాడు నవ్వాలి. ఫణి నవ్వలేదు. ఫోను తీసి ఏదో టైపు చేశాడు. "అమ్మ వద్దంటోందని పెట్టేశాను," అన్నాడు. ఇంకో దోసె వెయ్యమన్నాడు. పది రోజులుగా ఒకటిన్నర దోసె దగ్గర లేచిపోతున్నవాడు ఆ పూట నాలుగు తిన్నాడు.

ఎందుకలా అన్నానంటే, మనవరాలు కళ్ళెదుట ఉండాలనిపించింది, అంతే. నా కొడుకు ఒట్టి ఇంట్లో మిగిలిపోతాడనిపించింది. తారీఖు దాటిపోతే ఎవరూ కాదన్నట్టు ఉండదు. తల్లి వెళ్తుంది, పిల్ల ఉంటుంది, తప్పు తిథులది అవుతుంది.

గురువారం ఇంకో అపాయింట్‌మెంట్. ఆ రోజు దుర్ముహూర్తం అన్నాను. అదీ రోజంతా ఉందన్నాను.

ఆ సాయంత్రం ఫణి కాగితం ముందు నిలబడి ఉన్నాడు, నేను కూర తరుగుతున్నాను.

"కాల్గరీ అంటే నాలుగు గంటల ఫ్లైటమ్మా. వెళ్ళాలంటే నాకు వీసా కావాలి. ఏడాదికి రెండుసార్లు చూస్తానేమో." కాగితం అంచు సరిచేసి, "స్విమ్మింగ్‌లో దానికి నెక్స్ట్ లెవెల్ వచ్చింది. చెప్పిందా నీకు?" అన్నాడు.

"చెప్పింది."

"నేను వద్దనట్లేదు కదా," అన్నాడు. నాతో అన్నట్టు లేదు.

*

మర్నాడు వరలక్ష్మీ వ్రతం. మధ్యాహ్నం రేణు వచ్చింది. ఉద్యోగం ఉన్నప్పుడు కూడా ఆ పూజ మానేది కాదు. నానబెట్టిన శనగలు చిన్న డబ్బాలో పెట్టి తెచ్చింది. నాకు వాయనం ఇవ్వకూడదని అందరికీ తెలుసు. ఆమె అది ఎప్పుడూ పట్టించుకోలేదు.

"లోపలికి రా అమ్మా."

"వద్దత్తమ్మా, చెప్పులున్నయి." మళ్ళీ గడప మీదే.

డబ్బా నా చేతిలో పెట్టింది. మనిషి చిక్కింది. కళ్ళజోడు ముక్కు మీద నిలవక మాటిమాటికీ జారుతోంది.

"ఫణిని అడిగితే మీ పేరు చెప్తుండు. మీరేమో క్యాలెండర్ పేరు చెప్తున్నరు. క్యాలెండర్‌ను నేను ఏమని అడగాలె?"

నేను డబ్బా మూత బిగించాను.

"కోర్టుకు పోవచ్చన్నది లాయర్. అంత టైం లేదు. అయినా వేదను జడ్జి ముందర నిలబెట్టుడు నాకిష్టం లేదు." కళ్ళజోడు పైకి తోసుకుంది. "ఆయనకు పిల్లంటే పాణం. తెల్వదా నాకు? ప్రతి సెలవుకు పంపిస్తనని రాసిస్త. రోజూ వీడియో కాల్ చేపిస్త. కానీ పిల్లను ఇడిసిపెట్టి నేనెట్ల పోవాలె అత్తమ్మా?"

"చూద్దాం," అన్నాను.

"చూసుడు కాదు. మీరే ఒక రోజు చెప్పండి. మీరు ఏ రోజంటే ఆ రోజు తీసుకుంట."

"ఒకసారి నువ్వు కూడా చూసుకోరాదూ, తిథులు ఫోన్లో వస్తాయటగా."

"మీరు చదివి చెప్పినంక నేను మళ్ళ చూసుడెందుకు?" అంది రేణు.

గడప నుంచి ఫ్రిజ్ దాకా ఆరు అడుగులు. చెప్పులు విప్పి ఆరు అడుగులు వేసి ఉంటే ఆ రోజే అయిపోయేది. వెయ్యలేదు. నేను వచ్చే బుధవారం అని చెప్పాను. కారు వెనక్కి తీసుకుంటూ చెయ్యి ఊపింది. ఆ శనగలు ఫ్రిజ్‌లో పెట్టాను. తినలేకపోయాను.

*

బుధవారం పొద్దున ఫణి అడిగాడు. నేను అష్టమి అన్నాను.

వాడు తలూపి, ల్యాప్‌టాప్ సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. మర్నాటి నుంచి వారం రోజులు అలబామాలో పని. వాళ్ళ కంపెనీ కార్ల సీట్లు చేస్తుంది, అక్కడేదో ఫ్యాక్టరీలో లైను ఆగిందట. తిరిగి వచ్చేది ఇరవై ఒకటి సాయంత్రం. అంటే గడువు ముందు రోజు.

వేదకి జడ వేస్తున్నాను. అది స్టవ్ పక్కన ఎత్తు స్టూలు మీద కూర్చుంటే నా చేతులకి సరిగ్గా అందుతుంది. ఫ్రిజ్ ఎదురుగా ఉంటుంది. జడ వేసినంతసేపూ ఏదో ఒకటి చదవడం దానికి అలవాటు, పాల డబ్బా అయినా సరే.

"ప... పం... చ... మి. పంచమి." అంది.

నేను పాయలు విడదీస్తున్నాను.

"నానమ్మా, ఇవాళ పంచమి అని ఉంది." వేలు గడుల మీద కుడివైపుకి జరిగింది. "అ... ష్ట... మి. ఇది సాటర్‌డే. ఇవాళ కాదు."

నా చెయ్యి ఆగింది.

"నువ్వు మిస్టేక్ చేశావా?"

తప్పించుకోవడానికి ఔనన్న ఒక్క మాట చాలు. కళ్ళజోడు పెట్టుకోలేదనో, పేజీ తప్పు చూశాననో అంటే నమ్మేది. పిల్ల తల వెనక్కి తిప్పలేదు. పాపిట తెల్లగా, కొంచెం వంకరగా ఉంది. నేను తీసిందే.

"లేదు," అన్నాను.

ఫ్రిజ్‌లోంచి ఐసుముక్కలు పడిన చప్పుడైంది.

"నేను వెళ్ళకూడదా?"

"ఉండిపోతే బాగుండుననిపించింది."

"నువ్వు ఉంటావా?"

"నేనా? నాకు అక్టోబర్ దాకానే కదమ్మా."

"అప్పుడు నా జడ ఎవరు వేస్తారు? డాడీకి పోనీటెయిల్ కూడా రాదు. క్లిప్ లూజ్‌గా పెడతాడు." నిష్ఠూరంగా అనలేదు. బడికి ఎవరు దింపుతారని అడిగినట్టు అడిగింది. "అమ్మ అక్కడ అలోన్ ఉంటుందా?"

నేను ఆ జడ విప్పేసి మళ్ళీ మొదటినుంచి వేశాను. చివర రబ్బరు బిగించాక స్టూలు దిగి, ఉడతకి కాయలు తీసుకుని డెక్ మీదకి వెళ్ళిపోయింది. తండ్రికి చెప్పలేదు. తల్లికీ చెప్పలేదు. చెప్పొద్దని నేను అడగలేదు.

ఆ మధ్యాహ్నం రేణుకి ఫోన్ చేశాను. "ఇరవై రెండు, శుక్రవారం, పదకొండింటికి తీసుకో," అన్నాను.

"ఆఖరి రోజు కదత్తమ్మా. ఆ రోజు కూడా ఏదన్న ఉంటే?"

"ఏమీ ఉండదు."

ఫోను పెట్టేశాకే ఆ గడి వైపు చూశాను. ఇరవై రెండు మీద నల్లచుక్క ఉంది. అమావాస్య. పైగా శుక్రవారం పదకొండంటే నిండు రాహుకాలం. అక్షరం రాని రోజుల్లో కూడా ఆ చుక్క చూస్తే నేను గడప దాటేదాన్ని కాదు.

*

గురువారం సాయంత్రం ఫణి అలబామా నుంచి వచ్చేసరికి అన్నం వండి ఉంచాను. ఫ్రిజ్ మీది కాగితం తీసి, భోజనాల బల్ల మీద పెట్టి, పక్కన పెన్ను పెట్టాను. చేతి తొడుగు అయస్కాంతం ఖాళీ అయింది. దాన్ని తీసుకెళ్ళి క్యాలెండర్‌లో ఇరవై రెండో గడి మీద పెట్టాను. చుక్క సరిగ్గా కనపడకుండా పోయింది.

ఫణి కాగితం చూశాడు, పెన్ను చూశాడు. బూట్లు విప్పుతూ అన్నాడు.

"రేపే లాస్ట్ కదా. రేపు ఎలా ఉందమ్మా?"

అడిగిన తీరులో ఒక ఆశ ఉంది. వాడు నాలుగేళ్ళవాడుగా ఉన్నప్పుడు, బడికి వెళ్ళనని నోటితో అనకుండా నా చేత అనిపించుకోవడానికి చూసేవాడు. అదే చూపు.

"బాగుంది. చాలా మంచి రోజు. పదకొండింటికి రమ్మని చెప్పాను."

"శుక్రవారం పదకొండు రాహుకాలం కాదూ?"

"ఇక్కడ ఎండాకాలం గడియారం గంట ముందుకి జరుపుతారుగా. అది తీసేసి చూస్తే కాదు," అన్నాను. అబద్ధాలకి కూడా చెయ్యి తిరుగుతుంది.

వాడు ఫ్రిజ్ వైపు ఒకసారి చూసి, చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు.

బ్యాంకులో అద్దాల గది. నోటరీ ఒక పెద్దావిడ, కళ్ళజోడు పూసల గొలుసుతో మెడకి వేలాడుతోంది. రేణు ఒక కుర్చీలో, ఫణి ఒక కుర్చీలో, మధ్యలో బల్ల. నేనూ వేదా గోడ పక్కన కూర్చున్నాం. ఆవిడ ఫణి లైసెన్సు చూసింది, పుస్తకంలో ఏదో రాసుకుంది, తర్వాత తలెత్తి ఒక ప్రశ్న అడిగింది.

"ఏమంటోంది?" అని వేదని అడిగాను.

"నీ ఓన్ ఇష్టంతో చేస్తున్నావా, ఎవరైనా ఫోర్స్ చేశారా అని."

ఫణి వెంటనే జవాబు చెప్పలేదు. నోటరీ తొందర పెట్టలేదు, అలవాటైన మనిషిలా ఊరుకుంది. రేణు బల్ల అంచు వైపు చూస్తోంది. ఫణి వెనక్కి తిరిగి వేదని చూశాడు. అది కాళ్ళు ఊపడం ఆపింది. నేను ఆ పొద్దున వేసిన రెండు జడలూ భుజాల మీదుగా ముందుకి వేసుకుని ఉంది.

"యెస్," అన్నాడు. "నా ఇష్టంతోనే." రెండో మాట తెలుగులో అన్నాడు. నోటరీ మొదటిది చాలనుకుంది.

సంతకం పెట్టడానికి క్షణం పట్టింది. ఆవిడ ముద్ర నొక్కింది. వేదకి గిన్నెలోంచి ఒక చాక్లెట్ తీసుకోమంది. వేద రెండు తీసుకుని ఒకటి నాకిచ్చింది.

తిరిగొచ్చేటప్పుడు కారులో నేనూ ఫణీ మాత్రమే. వేద తల్లితో వెళ్ళింది. ఆర్చర్డ్ లేక్ రోడ్డు మీద సిగ్నల్ దగ్గర ఆగాం.

"ఇవాళ అమావాస్య కదమ్మా," అన్నాడు ఫణి.

నేను చాక్లెట్ కాగితం మడుస్తున్నాను.

"చుక్క మీద అయస్కాంతం పెట్టావు." ముందుకే చూస్తున్నాడు. "నాన్న రోజూ పైకి చదివేవాడు కదా. పదహారేళ్ళు విన్నాను. వర్జ్యం ఎంతసేపు ఉంటుందో నాకు తెలుసమ్మా."

"తెలిసీ ఊరుకున్నావా?"

"నువ్వు చెప్తున్నావు కదా అని ఊరుకున్నా."

పచ్చ దీపం వెలిగింది. వెనక కారువాడు హారన్ కొట్టేదాకా ఫణి కదల్చలేదు.

ఆ సాయంత్రం వేద బట్టల కోసం రేణు వచ్చింది. గరాజ్‌లో చెప్పులు విప్పిన చప్పుడు విన్నాను. నేరుగా వంటింట్లోకి వచ్చి, ఫ్రిజ్ పక్కన నిలబడింది. అయస్కాంతం ఎత్తి కింద చూసింది. తర్వాత పై వరసల్లోకి వెళ్ళింది ఆమె చూపు, గడి తర్వాత గడి. నాలుగో తారీఖు దగ్గర ఆగిందో, పదమూడు దగ్గర ఆగిందో నేను చూడలేదు. అంట్లు తోముతున్నాను. కుళాయి పెద్దగా తిప్పాను.

అయస్కాంతం ఎక్కడ ఉన్నదక్కడే పెట్టిన చిన్న చప్పుడు.

"చాయ్ పెడ్తరా అత్తమ్మా," అంది. కుర్చీ లాక్కుని కూర్చుంది.

పెట్టాను. ఇద్దరం తాగాం. శనగలు ఏం చేశారని అడగలేదు, చెప్పలేదు.

*

ఆ నెల ఇరవై ఎనిమిదిన వాళ్ళు వెళ్ళారు. వెళ్ళే ముందు వేద క్యాలెండర్ కావాలంది. ఇంకా నాలుగు నెలలు మిగిలి ఉంది దానిలో. కాల్గరీ టైముకి ఇంకో రెండు గంటలు వెనక్కి జరపాలని చెప్పి, చుట్టి, జడ రబ్బరు వేసి ఇచ్చాను. ఫ్రిజ్ మీద చేతి తొడుగు ఒక్కటే మిగిలింది.

ఫణి రోజూ సాయంత్రం ఫోన్లో పిల్లతో మాట్లాడేవాడు. మాట్లాడాక డెక్ మీద కూర్చునేవాడు. ఉడత వచ్చేది. రెండో వారంలో వాడు వేరుశనక్కాయలు కొన్నాడు.

అక్టోబర్‌లో నా ప్రయాణం. టిక్కెట్టు ఎప్పుడో కొన్నది, తిథి చూసి కొన్నది కాదు. ఆ పొద్దున సూట్‌కేసులు హాల్లో ఉన్నాయి. వేద ఫోన్ చేసింది. తెర మీద దాని మొహం, వెనక గోడకి నా క్యాలెండర్. జడలు రెండూ బిగువుగా ఉన్నాయి. పాపిట తిన్నగా ఉంది. రేణు చెయ్యి.

"నానమ్మా, ఇవాళ ఏంటో చదవనా?"

"చదువు."

గోడ వైపు తిరిగింది. పెదవులు కదిలాయి. పైకి వినపడలేదు. పున్నమి వెళ్ళి ఎనిమిదో రోజని నాకు తెలుసు. డెక్ మీంచి చంద్రుణ్ణి చూస్తూనే ఉన్నాను, సగానికి తరిగాడు. అది తెలియడానికి క్యాలెండర్ అక్కర్లేదు.

వేద ఇటు తిరిగింది.

"దశమి," అంది. "మంచి రోజు నానమ్మా. నువ్వు వెళ్ళచ్చు."

"సరేనమ్మా. అయితే బయల్దేరతాను," అన్నాను.